మా ఝల్లుకి రెండు మిషన్లు

మా ఆడపడుచుకి అసలు పేరొకటుంది గానీ, దాన్ని బడిలో హాజరు వేసిన పంతుళ్ళు తప్ప ఎవరూ వాడలేదు. ఇంట్లోవాళ్ళకి, వీధిలోవాళ్ళకి, చివరికి ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళకి కూడా ఆమె ఝల్లే. చిన్నప్పుడు పళ్ళెం కింద పడితే "అమ్మో, గుండె ఝల్లుమంది" అనేదట. ఎదురు షాపు షట్టరు దభీమని దించినా అదే మాట, తలుపు గాలికి కొట్టుకున్నా అదే మాట. అని ఊరుకునేది కాదు. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని, మొహంలో నెత్తురు చుక్క లేకుండా కాసేపు అలాగే నిలబడిపోయేది. వాళ్ళన్నకి, అంటే మా ఆయనకి, అదో ఆట. వెనకనుంచి వచ్చి "భౌ" అనేవారు, ఆమె గోడ పట్టుకునేది, ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వేవారు. నేను కాపురానికొచ్చేసరికి ఆ నవ్వు ఆ ఇంటి అలవాటైపోయి ఉంది.

ఆమెది బట్టలు సరిచేసే దుకాణం. వదులైనవి బిగించడం, బిగుతైనవి వదులు చేయడం, చిరిగిన జేబులు, ఊడిన జిప్పులు. ఇంటి ముందు గదిలోనే మిషన్ వేసుకుంది. భర్త పెద్ద లారీ మీద సరిహద్దులు దాటి తిరుగుతుంటాడు, నెలకోసారి ఇంటి మొహం చూస్తే గొప్ప. ఇంట్లో ఆమే, కూతురూ. "ఇంత బెదురుగొడ్డువి, రోజంతా ఆ మిషన్ మోత ఎలా భరిస్తావే?" అని అడిగానోసారి.

"అది మోత కాదు వదినా, తోడు. ఒకే తీరుగా మోగుతుంది కదా, మధ్యలో ఊడిపడే చప్పుళ్ళని తెలియనివ్వదు" అంది.

మా ఆయన డ్రిల్లు మాస్టారు. ఆయన పిలిస్తే వీధి చివర ఉన్నవాడు కూడా వెనక్కి తిరుగుతాడు. ఈ మనిషికి ఫోనెందుకు, కిటికీ తెరిస్తే చాలదా అని వెక్కిరిస్తుంటాను. ఆటల పోటీల రోజున ఇంకో బడి మాస్టారు సరిగ్గా ఈయన వెనకే నిలబడి పరుగుపందేనికి పిస్తోలు పేల్చాడు. పిల్లలు పరిగెత్తారు, ఈయన నిలువునా కూలిపోయారు. పోటీల కోసం అంబులెన్సు మైదానం పక్కనే ఉండబట్టి, అందులోవాళ్ళు గుండెకి షాకిచ్చి బతికించారు.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు కాగితం మీద గీతలు గీసి చెప్పాడు. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ కొట్టుకోడానికి సిద్ధపడాలి. ఈయన గుండెకి ఆ సిద్ధపడ్డంలో ఆలస్యం ఉంది. ఆ సందులో ఉన్నట్టుండి పెద్ద చప్పుడు వినబడితే లయ తప్పి ఊరికే గిలగిల కొట్టుకుంటుంది, రక్తం ముందుకు తొయ్యదు. మనిషి పడిపోతాడు. కొందరు లేస్తారు, కొందరు లేవరు. ఇది పుట్టుకతో వచ్చేది, తోడబుట్టినవాళ్ళకీ ఉండొచ్చు.

"ఉన్నట్టుండి వచ్చే చప్పుడు" అన్న దగ్గర మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇద్దరికీ గోడ పట్టుకుని నిలబడే ఝల్లే గుర్తొచ్చింది.

వారం తిరక్కుండా ఆయనకి ఎడమ భుజం కింద, చర్మం లోపల మిషన్ పెట్టారు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా, దాన్నుంచి నరంలోంచి గుండెలోకి ఒక తీగ. లయ తప్పితే లోపల్నుంచే షాకిచ్చి దారిలో పెడుతుంది. ఇంట్లో ఒక కావలివాణ్ణి పెట్టుకున్నట్టు మాకు ధైర్యమొచ్చింది.

తర్వాత ఝల్లుకీ పరీక్ష చేశారు. ఆ ఆలస్యం ఆమె గుండెకి అన్న కంటే ఎక్కువే ఉందని తేలింది. పాపకీ చేసి, ఇప్పటికి బాగానే ఉంది, పెద్దదవుతుంటే మళ్ళీ చూద్దామన్నారు. అప్పటికే ఝల్లు రెండుసార్లు పడిపోయి ఉంది. పాప పుట్టిన కొత్తలో తల పక్కన ఫోన్ మోగితే ఒకసారి, వీపు వెనక బస్సు హారన్ కొడితే ఇంకోసారి. "పడిపోయే ముందు ఎలా అనిపించింది?" అని అడిగాడు డాక్టరు. పాపం, తనకి తెలిసిన మాట తను చెప్పింది.

"గుండె ఝల్లుమంది సార్."

డాక్టరు చిన్నగా నవ్వాడు. "కాస్త భయస్తురాలు కదా" అని నా వైపు చూసి, రక్తం తక్కువగా ఉందని, మాత్రలు వాడి చూద్దామని పంపించేశాడు. అన్న ఒకసారి పడితే వారంలో మిషన్. చెల్లెలు రెండుసార్లు పడితే చూద్దాం. దుకాణం ముందు ఎవరిదో టైరు పేలి, కత్తెర చేతిలో ఉండగానే ఆమె మూడోసారి పడిపోతే, పాప పక్కింటివాళ్ళని కేకేసి ఆసుపత్రికి చేర్చేదాకా ఆ చూడ్డం చూస్తూనే ఉన్నారు. అప్పుడు గానీ ఆమెకి మిషన్ రాలేదు.

దీని గురించి నేను చాలా ఆలోచించాను. మన మాటల్లో భయానికి గుండె తప్ప వేరే చోటు లేదు. భయమేస్తే గుండె జారుతుంది, గుబేలుమంటుంది, గుండెల్లో రాయి పడుతుంది. మరి నిజంగా గుండే జారుతుంటే మనిషి ఏ మాటతో చెప్పుకోవాలి? మగవాడికి ఈ చిక్కు లేదు. నేను మందుల షాపు కౌంటర్లో పనిచేస్తాను, రోజూ చూస్తాను. మగవాడొచ్చి "గుండెలో ఎలాగో ఉంది" అంటే మా ఓనరు కుర్చీ వేసి, బండి పిలిచి ఆసుపత్రికి పంపిస్తాడు. ఆడమనిషి వచ్చి అవే మాటలంటే "పొద్దున ఏం తిన్నారమ్మా?" అంటూ గ్యాసు మందు సీసా తీస్తాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆయన పెళ్ళానికి గుండెల్లో మంటొచ్చినా అదే సీసా ఇస్తాడు.

మిషన్ పెట్టాక మా ఆయన గాయం ఇట్టే మానిపోయింది. చొక్కా గుండీ విప్పి, పతకం చూపించినట్టు వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. ఝల్లుది అలా కాలేదు. లోపల నెత్తురు గడ్డకట్టి, రొమ్ము పైభాగమంతా నల్లగా కమిలి వాచిపోయింది. వాపు తీశాక చూస్తే డబ్బా సరిగ్గా బ్రా పట్టీ వెళ్ళే చోట ఉంది. రోజంతా పట్టీ దాన్ని రాస్తూనే ఉంటుంది. సంచి భుజాన తగిలించుకోలేదు, పాపని ఆ పక్కన పడుకోబెట్టుకోలేదు. అక్కడ పెడదామని అనుకున్న మహానుభావుడు జన్మలో పట్టీ కట్టుకున్నవాడు కాదని నా ఒళ్ళు మండిపోయింది. ఆమె మాత్రం కిక్కురుమనకుండా పట్టీలు విప్పి, వెడల్పుగా మెత్తటి గుడ్డ వేసి, పక్కకి జరిపి కుట్టుకుంది.

"నీకేమ్మా, రెండు మిషన్లు. ఏది పాడైనా నువ్వే బాగు చేసుకోవచ్చు" అన్నాను.

"దీనికి నూనె ఎక్కడ పోయాలో చెప్పలేదు వదినా" అంది. అప్పటికింకా నవ్వగలుగుతున్నాం.

రెండు మూడు నెలలు గడిచాయి. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి కూర్చుని, "వదినా, గుండె జారుతోంది" అంది.

"దేనికే? ఏం జరిగిందని?" అన్నాను. చూశారా, ఇంత తెలిసిన నేను కూడా అలాగే అడిగాను.

"దేనికీ కాదు. నిజంగానే జారుతోంది. మిషన్ ఉన్నచోట కండ ఎగురుతోంది. ఎక్కిళ్ళు పట్టుకుని వదలడం లేదు. మిషన్ కూడా మొదట ఉన్నచోట లేదు."

నేను పక్కన ఉండగానే ఆసుపత్రికి ఫోన్ చేసింది. "మిషన్ జారుతోందండీ" అంటే అవతలి అమ్మాయి "ఏ మిషన్ అమ్మా?" అంది. "గుండెది" అంటే, "జారడమంటే? భయంగా ఉంటోందా?" అంది.

"భయంగానూ ఉంది, జారుతూనూ ఉంది" అంది ఝల్లు.

ఆ అమ్మాయికి మొదటిది ఒక్కటే వినబడింది. కొత్తలో అందరికీ అలాగే ఉంటుందని, దాని గురించే ఆలోచిస్తూ కూర్చోవద్దని, చెకప్ తేదీకి వస్తే చాలని చెప్పింది. ఆ తేదీ ఎక్కడో ఉంది. రెండోసారి ఫోన్ చేసి కండ ఎగరడం, ఎక్కిళ్ళు అన్నీ వరసగా చెబితే మనసు నెమ్మదించడానికి మాత్రలు రాసిచ్చారు.

ఆ తర్వాత ఆ ఇంటికి వెళ్ళాలంటే నాకు భయమేసేది. ఫోన్ మోగకుండా చేసేసింది. తలుపు రెక్కలు కొట్టుకోకుండా గుడ్డలు కట్టింది. గిన్నెలు పాప ఒక్కొక్కటే గుడ్డ మీద దించేది, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేది. కుట్టు మిషన్ ఆపితే ఝల్లు బిగుసుకుపోయేది. నిశ్శబ్దం వచ్చిందంటే అందులోంచి ఏ చప్పుడు దూకుతుందోనని. పని లేకపోయినా ఖాళీ గుడ్డ మీద కుట్లు వేస్తూ కూర్చునేది.

"ఇది పనిచెయ్యడం లేదని నా అనుమానం వదినా" అంది ఒకరోజు, మిషన్ తొక్కుతూనే. "ఈసారి పడితే లేవను. పాప బడినుంచి వచ్చి తలుపు తోసేసరికి..." అని మిగతాది మింగేసింది. తర్వాత, "ఒకసారి చెయ్యి పెట్టి చూడు" అంది.

తలుపు వేసి, ఆమె మెడ దగ్గర బట్ట జరిపి చెయ్యి పెట్టాను. మా ఆయన డబ్బా మీద ఎన్నోసార్లు చెయ్యి వేసిందాన్నే. అది బల్లపరుపుగా, కదలకుండా ఉంటుంది. ఇది ఉండాల్సిన చోటుకి బాగా కిందకి దిగి, చర్మం కింద పక్కకి తిరిగి నిలబడి ఉంది. నా వేలు తగిలితే మెల్లిగా ఒరిగింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి వెనక్కి లాక్కుని, ఆమె బట్ట సరిచేశాను.

ఇంటికి పరుగున వెళ్ళి మా ఆయన్ని వెంటబెట్టుకొచ్చాను. ఆయన అంతా విన్నారు. తర్వాత లేచి నిలబడి, గొంతు సవరించుకుని, ఆసుపత్రికి ఫోన్ చేశారు.

"హలో. మీ దగ్గరే మిషన్ పెట్టించుకున్నాను. గుండె జారుతోంది. మిషన్ ఉన్నచోట కండ ఎగురుతోంది. ఎక్కిళ్ళు పట్టుకుని వదలడం లేదు. మిషన్ కూడా మొదట ఉన్నచోట లేదు."

ఒక్క అక్షరం మార్చలేదు. చెల్లెలు చెప్పినవే, చెప్పిన వరసలోనే. ఆయన గొంతుకి తగ్గట్టు అవతలి గొంతు కూడా గదంతా వినబడింది. "సార్, ముందు మీరు కూర్చోండి. మెట్లు ఎక్కకండి, బండి మీరు నడపకండి. ఎవరినైనా తోడు తీసుకుని ఇప్పుడే బయల్దేరండి సార్. డాక్టరుగారికి చెప్పి ఉంచుతాను."

ఫోన్ పెట్టేసి ఆయన మా వైపు చూశారు. ఝల్లు నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. నాకైతే కోపంతో కళ్ళనీళ్ళొచ్చాయి.

పాపని పక్కింటివాళ్ళకి అప్పజెప్పాం. టాక్సీలో ఆమెని మధ్యన కూర్చోబెట్టి, అద్దాలన్నీ ఎత్తేసి, రెండు చెవులూ నా అరచేతులతో మూశాను. రోజూ నడిచే వీధే. అందులో అన్ని చప్పుళ్ళున్నాయని ఆరోజే తెలిసింది. హారన్లు, షట్టర్లు, గోడ కొడుతున్న సుత్తులు, ఎవడో పిల్లాడు ఊది పగలగొట్టబోతున్న కాగితం సంచి. ప్రతిదానికీ ఆమె కంటే ముందు నేనే అదిరిపడ్డాను. మలుపులో ఇనుప కడ్డీలు దించుతున్న లారీ సగం దారికి అడ్డంగా ఉంది. ఒక్క కట్ట జారిపడితే చాలు. మా ఆయన టాక్సీ ఆపించి, తలుపు చప్పుడు కాకుండా వేసి, వాళ్ళ దగ్గరికి వెళ్ళారు. మైదానం దద్దరిల్లేలా అరిచే మనిషి, నోరు మెదపకుండా, వాళ్ళ ముందు రెండు చేతులూ జోడించి నిలబడ్డారు. వాళ్ళకేం అర్థమైందో గానీ, మేము దాటేదాకా కడ్డీలు భుజాల మీదే మోస్తూ ఆగిపోయారు.

ఆసుపత్రి గుమ్మంలో చక్రాల కుర్చీతో ఒక నర్సు సిద్ధంగా ఉంది. "రండి సార్, కూర్చోండి" అంది ఆయనతో.

"పేషెంటు నేను కాదు, మా చెల్లెలు."

"ఫోన్‌లో మీకే అన్నారు కదా?"

"ఫోన్‌లో గొంతు నాది, గుండె దానిది. దాన్ని చూస్తారా, నన్నే పడుకోమంటారా?" అన్నారు ఆయన. ఆ నర్సు కుర్చీని ఝల్లు వైపు తిప్పింది.

ఎక్స్‌రే తీశారు. అది చూసి వచ్చిన కుర్ర డాక్టరు మొహంలో రంగు లేదు. "తీగ గుండెలో ఉండాల్సిన చోట లేదండీ. బయటికి ఊడొచ్చేసి డబ్బా చుట్టూ చుట్టుకుంది. ఆ కండ ఎగరడం, ఎక్కిళ్ళు దానివల్లే" అన్నాడు.

"బాబిన్‌కి దారం చుట్టుకున్నట్టు" అంది ఝల్లు, తనలో తను.

నిలబడితే రొమ్ము బరువుకి డబ్బా కిందకి లాగబడి తిరుగుతుందని, అది తిరిగితే తీగ ఊడొస్తుందని, ఆడవాళ్ళలో ఇలాంటి తిప్పలు కాస్త ఎక్కువేనని అతను తల దించుకుని చెప్పాడు. "అసలు ఈ మిషన్ ఆడవాళ్ళకి పెట్టేదే తక్కువ. దీని మీద చేసిన పరీక్షల్లోనూ ఎక్కువమంది మగవాళ్ళే. అందుకని మాకు తెలిసిందీ వాళ్ళ సంగతే ఎక్కువ."

"పెట్టేముందు చెప్పాల్సిన మాట కదా బాబూ ఇది?" అన్నాను.

"అయితే ఇన్నాళ్ళూ నా లోపల ఉన్నది ఉత్త డబ్బాయేనా?" అని అడిగింది ఝల్లు.

"ఏదైనా జరిగుంటే షాక్ అందేది కాదమ్మా" అన్నాడు.

పాప ఒక్కతే ఉన్న ఇంట్లో, గుడ్డలు కట్టిన తలుపుల మధ్య, ఆ ఉత్త డబ్బాతో ఆమె అన్ని రోజులు గడిపింది. వెంటనే ఆపరేషన్ అన్నారు. మంచం మీద పడుకోబెట్టి, ఒంటికి తీగలు అంటించి, తెర మీద గుండె గీత కనబడేలా పెట్టారు. ఇక్కడిదాకా వచ్చాం, ఇంక ఫరవాలేదని నేను అప్పుడే ఊపిరి పీల్చుకున్నాను.

వరండాలో ఎవరి చేతిలోంచో స్టీలు పళ్ళాల దొంతర గచ్చు మీద పడింది.

ఝల్లు నా మణికట్టు పట్టుకుంది. "వదినా, గుండె ఝల్లు..." అంది. మాట పూర్తి కాలేదు. కళ్ళు తేలేసింది. తెర మీది గీత పిచ్చిగీతలైపోయింది. నలుగురైదుగురు పరుగెత్తుకొచ్చారు, నన్ను బయటికి తోసేశారు. తలుపు సందులోంచి ఆమె ఒళ్ళు ఒక్కసారి మంచం మీంచి ఎగిరి పడడం కనిపించింది. వెనక్కి తిరిగితే మా ఆయన గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక చెయ్యి రొమ్ము మీద, మొహంలో నెత్తురు చుక్క లేదు. అచ్చం చెల్లెలు నిలబడే తీరే. ఆయనది పనిచేస్తోంది కదా, దేవుడా, ఆయనదైనా పనిచేస్తోంది కదా అనుకుంటూ అటు తలుపుకీ ఇటు గోడకీ మధ్య నిలబడిపోయాను. అంత భయం నేనెప్పుడూ ఎరగను.

కుర్ర డాక్టరు బయటికొచ్చి బతికిందన్నాడు.

కళ్ళు తెరిచాక ఆమె అడిగిన మొదటి మాట, "పాప చూసిందా?" లేదన్నాను. మర్నాడు తీగ మళ్ళీ గుండెలో దించి, డబ్బాని ఈసారి లోతుగా కండ కింద పెట్టి, కదలకుండా కుట్టేశారు, గుండె లయకి మాత్రలూ రాశారు. "ఒంటి కుట్టేనా, రెండు వరసలేశారా?" అని డాక్టర్ని అడిగింది. అతనికి అర్థం కాలేదు. నాకర్థమై, అక్కడే కూలబడి ఏడ్చాను.

ఇంటికొచ్చాక మా ఆయన ఆమెని ఝల్లూ అనడం మానేశారు. అసలు పేరు నోరు తిరగక, "ఏమ్మా" అని పిలుస్తున్నారు. నేను మానలేదు. ఆ పేరు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు, మేమే దాన్ని తప్పుగా విన్నాం.

మొన్న మధ్యాహ్నం మేమందరం దుకాణంలోనే ఉన్నాం. ఆమె ఎవరిదో కోటు వదులు చేస్తోంది. ఎదురు షాపువాడు షట్టరు దభీమని దించాడు. మా ఆయనా నేనూ ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాం. కత్తెర ఆడుతూనే ఉంది, ఆమెకి ఏమీ కాలేదు. మిషన్ పనిచేస్తోంది, మాత్రలు పనిచేస్తున్నాయి అనుకుని నేను నవ్వబోయాను. అప్పుడు లోపలి గుమ్మం దగ్గర పాప కనబడింది. ఒక చేత్తో గోడ పట్టుకుని ఉంది, రెండో చెయ్యి రొమ్ము మీద ఉంది.

"అమ్మా, నా గుండె ఝల్లుమంది."

ఎవరం నవ్వలేదు. మా ఆయన ఫోన్ తీసి, అప్పటికే అలవాటైన ఆ నంబరు నొక్కి, గట్టిగా "హలో" అన్నారు. అవతల ఎవరికని అడిగినట్టున్నారు. ఆయన చెల్లెలి వైపు చూశారు. ఝల్లు కత్తెర కింద పెట్టింది. ఒక చేత్తో పాప మణికట్టు పట్టుకుని, ఇంకో చేత్తో అన్న చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"మా పాపకండీ. మా ఇంటి జబ్బే" అంది. అవతల ఏదో అన్నారు. నాకు వినబడకపోయినా ఏమని ఉంటారో తెలుసు. ఝల్లు కళ్ళు పాప మీంచి కదల్లేదు.

"అవునండీ, భయమే" అంది. "భయం నాది. పాపది గుండె. బయల్దేరుతున్నాం."